తవిటయ్య ఇంట్లో లేని పటం

బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ల ఇంటికి వెళ్లి ముందుగదిలో తలెత్తి చూస్తే గోడమీద ఒక పటం కనబడుతుంది. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టరైనా సరే, రిటైరైనవాళ్లు పూరీ గేట్ దగ్గర కట్టుకున్న రెండు గదుల ఇల్లయినా సరే. పోయిన తండ్రిదో తల్లిదో పటం. ఫొటో కాదు, రంగులతో వేసింది. కింద మూల సంతకం ఉండదు. అక్కర్లేదు కూడా, చెవులు చూస్తే చాలు. చెవిని అంత ఓపిగ్గా, ప్రతి మడతా లెక్కపెట్టినట్టు వేసే మనిషి ఆ ఊళ్లో ఒక్కడే. రైల్వే వర్క్‌షాపులో చక్రాల దగ్గర నలభై ఏళ్లు ఫిట్టరుగా పనిచేసి దిగిపోయిన లెంక తవిటయ్య.

ఆయన భార్య హైమవతి రెండువేల ఇరవైమూడు ఆషాఢంలో పోయింది. మగవాళ్లంతా శ్మశానం నుంచి తిరిగొచ్చి, గడపలో కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చేసరికి కూతురు రాధారాణి ప్రమిదలో నూనె పోసుకుని గది మధ్యలో నిలబడి ఉంది. దీపం ఎక్కడ పెట్టాలో తోచక గోడలన్నీ వెతుకుతోంది.

“నానా, అమ్మ పటం ఏదీ?”

“నేదమ్మా.”

“నేదేటి? ఊరందరికీ ఏసినావు కదా!”

“మీ యమ్మకి ఎయ్యలేదు.”

ఆ ఇంట్లో ఆమె బొమ్మ ఒక్కటంటే ఒక్కటి లేదు. రాధారాణి ఆ ఊళ్లోనే పుట్టి పెరిగింది. అక్కడే రైల్వే ఆఫీసులో ఉద్యోగం, అక్కడే కాపురం, వారానికి రెండుసార్లు పుట్టింటికి రాకపోకలు. అయినా ఆ లోటు ఆమె కంటబడింది ఆ సాయంత్రమే. ఉన్న మనిషికి పటమెందుకని ఎవరికీ తోచదు కాబోలు.

“పన్నెండో రోజుకి ఏసీగలవా?”

“ఏస్తాను,” అన్నాడు తవిటయ్య. “అదడిగినట్టే ఏస్తాను.”

ఆమె ఏమడిగిందో రాధారాణికి తెలియదు. చుట్టూ కూర్చున్నవాళ్లెవరికీ తెలియదు. పన్నెండు రోజులు గడువు. ఆ గడువులో ఆయన తన జన్మంతా చెయ్యనన్న పని ఒకటి చెయ్యాలి. అదేమిటో చెప్పాలంటే ఆయన బతుకు కొంత చెప్పుకురావాలి. నాకు వంకర దారిన నడవడం అలవాటు. పాఠకులు కాస్త ఓర్చుకోవాలి.

తవిటయ్య తండ్రి ఆమదాలవలస అవతలి పల్లె నుంచి రైల్వేలో కూలిపని చేసే కలాసీగా వచ్చినవాడు. తవిటయ్య ఇరవయ్యో ఏట వర్క్‌షాపులో చేరాడు. బండి చక్రం మనకు గుండ్రంగా కనబడుతుంది, అంతే. ఫిట్టరుకి అలా కాదు. చక్రానికి లోపలివైపు ఒక అంచు ఉంటుంది. బండిని పట్టాలమీద నిలబెట్టేది ఆ అంచే. అది అరిగిందా, ఎంత అరిగిందీ అని ఇనప గేజి ఆనించి చూస్తారు. గేజికీ అంచుకీ మధ్య సందు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. చూసేవాడి అభిప్రాయంతో పనిలేదు. పొద్దున్నే సైరన్ మోగిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా అలా ఉన్నదాన్ని ఉన్నట్టు చూసిన మనిషి కళ్లకు వేరే చూపు ఎక్కడి నుంచి వస్తుంది?

బొమ్మలు మాత్రం గోల్‌బజార్‌లో నేర్చాడు. అక్కడ తీతు అని ఒక బెంగాలీ, కొట్లకు బోర్డులు రాసేవాడు. తవిటయ్య పని దిగి, సైకిల్ మీద గోల్‌బజార్ వెళ్లి, చేపల వీధి మలుపులో ఆయన కొట్టు ముందు కూర్చునేవాడు. ఫొటో మీద గళ్లు గీసి, ఆ గళ్ల లెక్కన పెద్ద పలక మీదికి ఎక్కించడం ఆయనే నేర్పాడు. ఒకసారి చీరల కొట్టు బోర్డు మీద ఆడమనిషి బొమ్మ వెయ్యమంటే తవిటయ్య ఆమె మెడమీద మడతలతో సహా వేశాడట. తీతు తల పట్టుకున్నాడు.

“అరే తొబిట్! ఈ మెడ చూసి చీర ఎవరు కొంటారు? తుమి ఫిట్టర్, ఫిట్టరే థాకో!” నువ్వు ఫిట్టరువి, ఫిట్టరుగానే ఉండిపో అని. ఆ మాట చెప్పి తవిటయ్య ముప్పై ఏళ్లు నవ్వాడు. నాకు కనీసం పదిసార్లు చెప్పి ఉంటాడు.

పటాల పని ఎనభైమూడులో మొదలైంది. తోటి కార్మికుడి తండ్రి పోయాడు. ఉన్నదల్లా మెడికల్ కార్డు మీది తపాలాబిళ్లంత ఫొటో. ఆ రోజుల్లో మనవాళ్లు ఫొటో దిగేది పెళ్లికొకసారి, రైల్వే కార్డుకొకసారి. కార్డు ఫొటోలో ప్రతివాడూ దొంగతనం చేసి పట్టుబడ్డట్టే ఉంటాడు. తవిటయ్య ఆ ఫొటో చూసి, చనిపోయిన మనిషిని తనెరిగినంత గుర్తు తెచ్చుకుని, పన్నెండో రోజుకి పటం వేసి ఇచ్చాడు. అప్పట్నుంచి అది ఆ ఊరి తెలుగువాళ్ల ఆచారమైపోయింది. పెద్దకర్మ నాడు కుర్చీలో తవిటయ్య వేసిన పటం, దానికి దండ, ముందు దీపం. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు.

కానీ ఇళ్లవాళ్లు ఊరుకోరు కదా. ఒకడు మా అయ్య రంగు కొంచెం తెల్లబరచమంటాడు. ఒకడు పులిపిరి తీసెయ్యమంటాడు. ఒక ముసలాయన వచ్చి పెళ్లాం మెళ్లో పలకసర్లు వెయ్యమని అడిగాడు. “బతికుండగా ఎలాగూ సేయించలేకపోనాను తవిటయ్యా,” అన్నాడు. ఇంటిపక్క సరోజాదేవి అత్తగారి పటం పంచాయితీ అయితే వారం సాగింది.

“మా యత్త నోట్లో పళ్లు పెట్టు తవిటయ్యా.”

“నోరు మూసే ఏసినాను కదమ్మా. పళ్లెక్కడ కనబడతాయి?”

“మూసినా ఉన్నట్టు తెలవాల. బుగ్గలు సూడు, గోతుల్లాగున్నాయి.”

“ఆవిడకి గోతులే కదేటి ఉన్నాయి?”

“నాకు తెల్దేటి? నువ్వు పూడ్సీ.”

పూడ్చాడు. గొణుక్కుంటూ పూడ్చాడు, తెల్లబరిచాడు, పలకసర్లు వేశాడు. వాళ్ల మనిషి, వాళ్ల ఇష్టం అనేవాడు.

తన కోసం వేసుకున్నవి వేరు. అవి మంచం కింద ఉండేవి. వర్క్‌షాపులో మనుషులు. రెండు వేళ్లు లేని కలాసీ చెయ్యి. డబ్బా మూత తీసి కూర వాసన చూస్తున్న మనిషి. చక్రం పక్కన కునుకు తీస్తున్న తోటి ఫిట్టరు అమర్‌నాథ్, నోరు తెరుచుకుని. వాటిలో ఒక్క వెంట్రుక కూడా ఆయన తన ఇష్టం కొద్దీ జరపలేదు. అమర్‌నాథ్ తన బొమ్మ చూసుకుని, “ఒరే, నన్ను బతికుండగానే సంపీసినావు కదరా!” అన్నాడట. ఒకసారి కోల్‌కతాలో బొమ్మలు కొనే పెద్దమనిషి ఎవరో చూసి, ఇంత ఉన్నదున్నట్టు కావాలంటే కెమెరా ఉంది కదా అన్నాడు. ఆ తర్వాత ఎనిమిది నెలలు కుంచె పట్టుకోలేదు. మళ్లీ పట్టుకున్నాక వేసింది మాత్రం అలాగే వేశాడు.

పూర్వం రోమువాళ్ల ఏలుబడిలో ఉన్న ఈజిప్టులో చనిపోయినవాళ్ల ముఖాలు చెక్కపలకల మీద వేసి, శవాన్ని చుట్టిన గుడ్డల్లో ముఖం దగ్గర పెట్టి కట్టేవారు. ఆ పలకలు వందల కొద్దీ దొరికాయి. ఒక మ్యూజియంలో వాటిలో ఒకదాని ముందు చాలాసేపు నిలబడ్డాను. పెద్ద కళ్లు, ఒక కనురెప్ప కొంచెం వాలి ఉంది. పోయినవాళ్ల మనుషులు ఆ రెప్ప సరిచెయ్యమని అడగలేదా అనిపించింది. అడిగే ఉంటారు. అడిగినా ఆ ఒక్క పలకను ఉన్నదున్నట్టే ఉంచిన తవిటయ్య ఎవడో అక్కడా ఉండి ఉంటాడు.

ఇక హైమవతి సంగతి. టెక్కలి వైపు పిల్ల. ఎనభైలో పెళ్లయింది. పదేళ్ల తర్వాత, రాధారాణికి నాలుగేళ్లప్పుడు, పెదవి పక్కన మినపగింజంత తెల్ల చుక్క కనబడింది. తాంబూలం సున్నం అంటుకుందనుకుని చెంగుతో తుడుచుకుంది. మర్నాడు మళ్లీ తుడుచుకుంది. అలా నాలుగు రోజులు తుడిచాక అద్దం దగ్గరికి వెళ్లింది.

బొల్లి. అంటుకునే జబ్బు కాదు, ప్రాణానికి ఏ అపాయమూ లేదు. ఏ డాక్టరైనా ఆ మాటే చెబుతాడు, చెప్పారు కూడా. కానీ పేరంటాలకు పిలిచేది డాక్టర్లు కాదు కదా. మొదట పిలవడం తగ్గింది. పిలిచినచోట కుంకుమ నుదుట పెట్టకుండా భరిణె ముందుకు జరిపేవారు, నువ్వే పెట్టుకోమన్నట్టు. ఒకరోజు ఆమె గారెలు వండి పక్కింటికి పట్టుకెళ్లింది. సరోజాదేవి, “అక్కడెట్టీ అమ్మా, సేతులు కాళీ లేవు,” అంది. చేతులు ఖాళీగానే ఉన్నాయి. సాయంత్రం ఆ గారెలు పెరటిగోడ మీద కాకులకు పెట్టి ఉండగా కనబడ్డాయి. ఆ తర్వాత హైమవతి ఎవరింటికీ ఏమీ పట్టుకెళ్లలేదు. మచ్చలు కనురెప్పకూ, మెడకూ, వేళ్లకూ పాకాయి. చెంగు ముఖం మీదికి వచ్చింది. ఫొటో అంటే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. ఆమెకు ముప్పయ్యో ఏడు దాటాక తీసిన ఫొటో ఈ లోకంలో లేదు.

అలాంటి మనిషి తొంభై ఏడులో ఒక ఆదివారం తనంతట తానే వచ్చి, “మావా, నాదొకటి ఏస్తావేటి?” అంది.

ఆ సంగతి చెబుతున్నప్పుడు తవిటయ్య ముఖం చూడాలి. ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నాడు. ఆమె దసరా చీర కట్టుకుంది, పౌడరు రాసుకుంది, కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. మూడో ఆదివారం లేచి వచ్చి పలక చూసుకుంది.

“ఇయ్యేటి?”

“ఉన్నయ్యే.”

“ఉన్నయ్యని నాకు తెల్దేటి? తీసీ.”

“ఎందుకు తియ్యాల? నాకు నువ్విలాగే బాగున్నావు.”

“నీకు బాగున్నాను. వొచ్చినోలు నీ కళ్లెట్టుకుని సూత్తారేటి?”

ఆయన కుంచె గుడ్డతో తుడిచాడు.

“ఆ ముసలమ్మ మెళ్లో లేని పలకసర్లు ఏసినావు. సరోజమ్మత్తకి పళ్లు మొలిపించినావు. నాకు నాలుగు మచ్చలు తీసీలేవా?”

“ఆలంతా పరాయోలు, ఒలే. నీకాడ అబద్దం ఆడలేను. ఏస్తే ఉన్నట్టే ఏస్తాను.”

“అయితే ఎయ్యకు.”

పలక పక్కన పెట్టేశాడు. తర్వాత దాని మీద తెల్లరంగు పూసి వేరే ఎవరి తండ్రినో వేశాడు. అక్కణ్నుంచి ఇరవైఆరేళ్లు ఆ మాట ఆ ఇంట్లో ఏడాదికోసారి వచ్చేది. ఆమె అడిగేది, ఆయన అదే జవాబు చెప్పేవాడు, ఆమె లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది. పోనుపోను అది ఇద్దరికీ సరసంలా అయిపోయింది, లేదా ఆయన అలా అనుకున్నాడు. ఊళ్లో ప్రతి గడపకూ అడిగిన అబద్ధం అడిగినట్టు ఇచ్చాడు. తన కోసం తాను, బతికుండగా, నోరు విడిచి అడిగిన ఒక్క మనిషికి లేదన్నాడు. అది తన ప్రేమ అనుకున్నాడు. కాదని నేననను.

చివరి వేసవిలో ఆమె గుండె బలహీనపడింది. ఆస్పత్రి మంచం మీద ఉండగా ఒక మధ్యాహ్నం అంది: “పన్నెండో రోజుకి ఏదో ఒకటి పెట్టాల కదా మావా. మచ్చలు నేకుండా ఎయ్యి. అందరూ వొత్తారు.”

ఆయన సరేనన్నాడు. అంత దూరం వస్తుందనుకోలేదు.

ఇదీ ఆయన ఒప్పుకున్న పని. అరవై మూడేళ్ల హైమవతి, నెరిసిన జుట్టుతో, కళ్లకింద ముడతలతో, ఒక్క మచ్చ కూడా లేకుండా. అలాంటి ముఖం ఏ రోజునా ఈ భూమ్మీద లేదు. మచ్చలు లేని ముఖం ముప్పయ్యో ఏట ఆగిపోయింది. ఆ ముడతలొచ్చిన ముఖం మచ్చలతోనే వచ్చింది. చూసి వేయడం తప్ప ఎరగని మనిషి చూడనిది వేయాలి. రాధారాణి పెళ్లిఫొటో తీసుకొచ్చి దీన్నే పెద్దది చేయిద్దామంది. ఆయన వద్దన్నాడు. ఇరవై ఏళ్ల పిల్ల పటం పెట్టి అరవై ఏళ్ల మనిషికి దండ వేస్తారా అన్నాడు. మూడో రోజు పలక ఎక్కించాడు.

నేను తొమ్మిదో రోజున వెళ్లాను. అప్పటికి ముఖం పూర్తయింది. చీర అంచు వేస్తున్నాడు. ఆయనతో పరిచయమై ముప్పై ఏళ్లయింది, ఆయన వేసినవి చాలా చూశాను. పనితనం మాటకొస్తే అదే అన్నిటికంటే మిన్న. చెంప మీద కిటికీ వెలుతురు పడి జారుతున్నట్టు ఉంది. ఎలా ఉంది మేష్టారూ అని అడిగాడు. బాగుందన్నాను. అంతలో రాధారాణి ఆఫీసు నుంచి వచ్చింది. ఆమె అది చూడటం అదే మొదలు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఇదెవరు నానా?”

“మీ యమ్మే.”

“కాదు.”

“రాదా…”

“నాకు ఊహ తెలిసిన కాడ్నించీ అమ్మ పెదం పక్కన తెల్లగా ఉంది. సిన్నప్పుడు అది నేను ముద్దెట్టుకోడానికి ఇడిసిపెట్టిన సోటనుకునీదాన్ని. ఈవిడెవరో నాకు తెల్దు.”

“అదడిగిందమ్మా. మచ్చలు నేకుండా ఎయ్యమంది.”

“అడిగినప్పుడు ఏసినావేటి? నేదు. ఇప్పుడేస్తే అమ్మ సూస్తాదా? సూసీది నేను. నాకు అమ్మ కావాల.”

“సూసీది నువ్వొక్కదానివే కాదు. అందరూ వొత్తారు.”

“ఆ అందరి కోసమా?” రాధారాణి గొంతు లేవలేదు, తగ్గింది. “అమ్మ సేతి మంచినీళ్లు తాగనోల కోసం అమ్మ మొకం మార్సీసినావా?”

తవిటయ్య కుంచె నీళ్లలో పెట్టాడు. అది నూనె కుంచె, నీళ్లలో పెట్టకూడదు. నేనే తీసి గుడ్డతో తుడిచాను.

నలభై ఏళ్లలో ఎన్ని ఇళ్ల వాళ్లు ఆయన గుమ్మంలో నిలబడి అబద్ధం అడిగారో లెక్కలేదు. నిజం కావాలని అడిగిన మొదటి మనిషి సొంత కూతురు. సరిగ్గా ఆ ఒక్కసారే ఆయన ఇవ్వలేడు. చనిపోయిన మనిషికి మాట ఇచ్చాడు.

పన్నెండో రోజు ఇంటి ముందు షామియానా వేశారు. న్యూ సెటిల్‌మెంట్ నుంచి, గోల్‌బజార్ నుంచి, చుట్టుపక్కల నుంచి అందరూ వచ్చారు. హైమవతి చెప్పినట్టే వచ్చారు. కుర్చీలో పటం, మల్లెపూల దండ. ఆడవాళ్లు గుంపుగా ముందుకొచ్చారు.

“ఓలమ్మ! అచ్చం హైమే!”

“ఎంత సక్కటి మొకమే తల్లీ. మాటాడతాదేటో అన్నట్టుంది.”

“పసుపూ కుంకంతో ఎలిపోయింది, పున్నాత్మురాలు.”

సరోజాదేవి ఏడ్చింది. నటన కాదు, నిజంగానే ఏడ్చింది. అంత దగ్గరగా ముప్పై ఏళ్లకు పైగా పక్కింట్లో ఉన్న మనిషి. కళ్లు తుడుచుకుని, భరిణెలో వేలు ముంచి, వంగి, పటం నుదుట కుంకుమ బొట్టు పెట్టింది. తర్వాత చెంపల మీద చేతులు ఆనించి తన తలకు మెటికలు విరుచుకుంది. ఆమె వెనక మరొకామె, ఆ వెనక ఇంకొకామె. అందరూ ముట్టుకున్నారు. పెదవి పక్కన, రెప్పల మీద, మెడ దగ్గర వేళ్లు ఆడించారు. ముత్తైదువగా పోయిన మనిషి కుంకుమ ఇంటికి మంచిదని తలా కాస్త తీసి చెంగున కట్టుకున్నారు.

రాధారాణి వడ్డన గరిటె పట్టుకుని ఇదంతా చూసింది. గరిటె పక్కనున్నామెకిచ్చి వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. బంతులన్నీ లేచేదాకా బయటికి రాలేదు. తవిటయ్య షామియానా గుంజకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

“అడిగింది ఇదేనేమో మేష్టారూ,” అన్నాడు. “బొట్టెడతారని.”

ముప్పైమూడేళ్లు దూరంగా ఉన్న చేతులు ఆ రోజు ఆమె ముఖం మీదికి వచ్చాయి. ఆమె కోరిక తీరిందనాలా?

సాయంత్రం అందరూ వెళ్లాక రాధారాణి తండ్రి ముందు కూర్చుంది. పటం వైపు చూడకుండా, “ఇది నువ్వుంచుకో. అమ్మకిచ్చిన మాట అయిపోయింది. ఇక నా కోసం ఏసియ్యి. ఉన్నట్టే ఏసియ్యి,” అంది. ఆయన ముఖం ఒక్కసారిగా వెలిగింది. ఇరవైఆరేళ్లుగా వేస్తానంటున్నది అదే. “నెల్లో ఇచ్చెత్తాను,” అన్నాడు. ఆ పూట ఆ ఇంట్లో దుఃఖం కొంచెం తేలికపడ్డట్టే అనిపించింది. మర్నాడు నేను పూరీ వైపు బండెక్కాను.

మళ్లీ వెళ్లింది ఏడు నెలల తర్వాత, మాఘంలో. పొద్దున పదిగంటలు. తవిటయ్య కిటికీ పక్కన అదే ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. ఎదురుగా పలక. దాన్ని చూసి మొదట నాకు అర్థం కాలేదు. లేత కట్టెరంగు పూసిన పలక మీద తెల్లటి మరకలు. పైన చిన్నవి రెండు, రెప్పల వంపుతో. కింద ఒకటి, తిరగేసిన కామా లాంటిది. దాని కింద మెడ దగ్గర పొడుగ్గా పాకింది. ఇంకా కింద, చేతులు ఒళ్లో పెట్టుకుంటే వేళ్లు ఉండేచోట, చిన్నచిన్నవి పది దాకా. అంతే. మధ్యలో ఏమీ లేదు. ముక్కు లేదు, కళ్లు లేవు, గీత కూడా లేదు.

దగ్గరికి వెళ్లి చూశాను. అవి ఉత్త తెలుపు కాదు. ప్రతి మచ్చలోనూ అడుగున గులాబీరంగు ఉంది, అంచున పసుపు కలిసి చర్మంలోకి కరుగుతోంది. నెత్తురు ప్రవహిస్తున్న మనిషి మచ్చలు.

“ముందు నాకు బాగా తెలిసినయ్యి ఏసినాను మేష్టారూ,” అన్నాడు. “వారంలో వొచ్చీసినాయి. ఒక్కటీ తప్పు పోలేదు. మిగతాది రావట్లేదు.”

గోడమీద దండతో ఉన్న పటం చూపించాను. ముఖం అక్కడే ఉంది కదా, దాన్ని చూసి వెయ్యొచ్చు కదా అన్నాను.

“అది నేను కట్టింది. ముక్కు పెళ్లిఫొటోలోది. కళ్లు రాదవి. బుగ్గలు దాని అక్కవి. ఎక్కడెక్కడివో తెచ్చి బిగించినాను. రాద సూడగానే కనిపెట్టీసింది.” కుంచె కొసతో పలక మీది ఖాళీ చూపించాడు. “నలభైమూడేళ్లు ఎదురెదురుగా కూకుని తిన్నాం. ఏ మచ్చ ఏ ఏడు పుట్టిందో, ఏ పక్కకి పాకిందో అడగండి, సెబుతాను. దాని ముక్కు ఎలాగుంటాదో అడగండి.”

నేను అడగలేదు.

“ఊరోలు దూరం నుంచి సూసినారు. నేను దగ్గర్నుంచి సూసినాను. సూసింది అందరం ఆ మచ్చల్నే.”

అన్నేళ్లు ఒక ఇంట్లో బతికిన మనిషి ముఖం మనసుకు రాకపోవడం వింతేమీ కాదని, చాలామందికి అలా అవుతుందని చెప్పాను. అది నిజమే. ఆయనకు అక్కర్లేని నిజం.

ఆ రోజు ఆదివారం. పదకొండు గంటలకు రాధారాణి కూరగాయల సంచితో వచ్చింది. నన్ను పలకరించి, సంచి కింద పెట్టి, పలక ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పెదవి పక్కన ఉండాల్సిన మచ్చ మీద వేలు పెట్టింది. రంగు ఎప్పుడో ఆరిపోయింది.

“నానా, ఇలాగే ఇచ్చీ. పట్టుకెళ్లిపోతాను.”

“మనిషి నేదు కదమ్మా అందులో.”

“నాకు కనబడతంది.”

“నాకు కనబడట్లేదు,” అన్నాడు తవిటయ్య. “అవ్వనిది ఎలాగిత్తాను?”

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లి బియ్యం కడిగింది. ప్రతి ఆదివారం ఇలాగే అడుగుతుందట, ఇలాగే కాదంటాడట. ముగ్గురం భోజనం చేశాం. వంకాయకూర బాగుందని ఆయన రెండోసారి వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి మళ్లీ పీట మీద కూర్చుని, కుంచె చేతిలోకి తీసుకుని, ఆ తెల్లమచ్చల మధ్య ఖాళీ వైపు చూడటం మొదలుపెట్టాడు.